మన చేనికిని ఉపగ్రహమునకును నడుమనున్న గాలి

అనంతపురము సీమలో రైతు ఆకాశమువైపు చూచుట క్రొత్తగాదు. ఆరుద్ర మొదలు హస్త వఱకు ప్రతి కార్తెలోను మనము మబ్బును జూచుచునే యుందుము. ఇప్పుడు ఆకాశమునుండియు మన చేలను జూచు కన్నులు ఏర్పడినవి. భూమికి ఎనిమిదివందల కిలోమీటర్లకు అటునిటుగా నున్న యెత్తున తిరుగు ఉపగ్రహములు మన వేరుసెనగ చేలను, కంది సాళ్లను, బీళ్లను పటములుగా దించి పంపుచున్నవి. ఏ మండలమున కఱవున్నది, ఏ మండలమున లేదు అను నిర్ణయమునందు ఆ పటములకు నేడు చోటు కలదు. పంట బీమా లెక్కలలోను వాని ప్రవేశము మొదలైనది. కఱవు ప్రకటన జరిగినగాని అప్పుల వాయిదాల సవరణ మొదలగు ఊరటలు సులభముగ రావని మన సంఘ సభ్యులెల్లరు ఎఱుగుదురు. కావున ఆ పటము ఎట్లు తయారగుచున్నదో, అది ఎంతవఱకు నమ్మదగినదో, ఎచ్చట జాగ్రత్త వలయునో తెలిసికొనుట మన కూటికి సంబంధించిన విషయము.

మొదట ఒక్క సంగతి స్పష్టముగ నుండవలయును. ఉపగ్రహమునకు చేరునది మన చేనిపై బడి, అక్కడనుండి మరలి, నడుమనున్న గాలిని దాటి పైకెక్కిన వెలుతురు మాత్రమే. సూర్యునినుండి చేనికి దిగునప్పుడొకసారి, చేనినుండి పైకెక్కునప్పుడొకసారి ఆ వెలుతురు గాలిని దాటవలసియున్నది. రెండుసార్లును గాలి తన తరుగు తీసికొనును. పైగా తనదైన కల్తీని కలుపును. ఆ తరుగును, ఆ కల్తీని లెక్కగట్టి సవరించినగాని చేని స్థితి తేలదు. ఆ లెక్క సరిపోయినదా లేదా యని చూచుటకు నేలమీది కొలతలే ఆధారము. కాబట్టి ఆకాశపు పటమునకు నేలమీది సాక్ష్యము తోడు కావలయుననియు, ఆ సాక్ష్యమును కూర్చుటలో మన సహకార సంఘములు పాలుగొనవలయుననియు మా అభిప్రాయము. దానికి గల కారణములను క్రమముగ విన్నవించెదము.

కరణము చూపునుండి ఉపగ్రహము చూపు వఱకు

పూర్వము పంట ఎట్లున్నదో సర్కారునకు చెప్పువాడు గ్రామ కరణము. చేని గట్టున నిలిచి పైరును జూచి, ఇది పదునాఱణాల పంట, ఇది ఆఱణాల పంట యని అంచనా కట్టుట వాడుక. చేనిలో నున్న పైరు సంగతి అడంగలులో నెక్కును. ఆ వ్రాతనుబట్టియే రైతు మంచిచెడ్డలు నడచెడివి. కరణపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. కాని రైతు చేనిని చూచి చెప్పువా రెవ్వరు, వారి చూపు ఎంత సరియైనది అను ప్రశ్న నిలిచియే యున్నది.

ఆకాశమునుండి చూచు పద్ధతికి మన జిల్లా ఆదినుండియు పరీక్షాస్థలముగ నుండుట సభ్యులు గమనింపదగిన విశేషము. 1974-75లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థయు, భారత వ్యవసాయ పరిశోధన మండలియు గలిసి వ్యవసాయ వనరుల లెక్కకై యొక ప్రయోగమును జరిపినవి. దానికై యెన్నుకొనిన చోట్లు రెండు: నీటి వసతిగల పంజాబులోని పాటియాలా యొకటి, మెట్టసేద్యపు అనంతపురము రెండవది. విమానమునుండి పరారుణ వర్ణచిత్రములు దీసి, వానినిబట్టి పైరులను గుర్తించుటకు యత్నించిరి. ఆ తరువాత 1979లో హైదరాబాదునకు చేరువనున్న షాద్‌నగరులో, అమెరికావారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహము పంపు చిత్రములను అందుకొను కేంద్రము పనికి మొదలిడెను. 1988 మార్చి 17వ తేదీన మన దేశపు మొదటి దూరపరిశీలనా ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఏ, నాటి సోవియట్ యూనియనులోని బైకనూరునుండి పైకి వెళ్లెను. 1980-90 దశాబ్దము ముగియునాటికి హైదరాబాదులోని దూరపరిశీలనా సంస్థవారు ఉపగ్రహ చిత్రములనుబట్టి దేశములోని కఱవును గమనించు పనిని క్రమముగ నడుపసాగిరి. 2012 మొదలుకొని ఆ పని ఢిల్లీలోని మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రమునకు మాఱినది. ఏబది ఏండ్లనాడు మన చేలపై ప్రయోగముగ మొదలైన పద్ధతి నేడు మన చేలపై తీర్పు చెప్పు స్థితికి వచ్చినదన్నమాట.

ఆకు చెప్పు సంగతి

పచ్చని ఆకు తనపై బడిన ఎఱ్ఱని వెలుతురులో హెచ్చుభాగమును మ్రింగివేయును. ఆకులోని పత్రహరితమునకు అదియే ఆహారము వండుకొను వంటచెఱకు. ఎఱుపునకు ఆవల, మన కంటికి గానరాని పరారుణ కిరణములు కలవు. వానిని ఆకు మ్రింగదు. చాలభాగము పైకి త్రిప్పికొట్టును. ఆకు వాడి పలుచబడిన కొలది, ఎండిపోయిన కొలది ఈ భేదము తగ్గును. ఉత్తనేలయందు రెండింటికిని భేదము స్వల్పము.

ఉపగ్రహము ఈ రెండు వెలుతురులను వేర్వేఱుగ కొలుచును. పరారుణమునుండి ఎఱుపును తీసివేసి, ఆ మిగులును రెండింటి మొత్తముచే భాగింపగా వచ్చునది పచ్చదనపు సూచిక. నూటికి 40 పాళ్లు పరారుణము, 10 పాళ్లు ఎఱుపు వచ్చినచో, 30ని 50చే భాగింపగా 0.60 వచ్చును. అది మంచి పైరునకు గుఱుతు. ఈ అంకెలు లెక్కను తెలుపుటకై మేము తీసికొనిన ఉదాహరణము మాత్రమే.

గాలి తీసికొను తరుగు, కలుపు కల్తీ

వేరుసెనగ బస్తాను అంగడికి దీసికొనిపోయినప్పుడు తూకమునందు తరుగు పోవుట మనమెఱుగుదుము. వెలుతురునకును అట్టి తరుగు కలదు. గాలిలోని ఓజోను కొంత మ్రింగును. నీటియావిరి పరారుణ భాగమునందు కొన్ని కిరణములను మ్రింగును. ధూళియు, మసియు కొంత మ్రింగి, కొంత ప్రక్కలకు చెదరగొట్టును.

చెదరగొట్టుటలో వెలుతురు రంగునుబట్టి భేదము కలదు. గాలిలోని అతిసూక్ష్మమైన అణువులు నీలపు వెలుతురును ఎఱ్ఱని వెలుతురుకంటె నాలుగు రెట్లకు మించి చెదరగొట్టును. ఆకాశము నీలముగ గానవచ్చుటకు కారణము ఇదియే యని 1871లో ఇంగ్లండు దేశపు రేలీ ప్రభువు గణితముచే నిరూపించెను. ధూళికణములు అణువులకంటె చాల పెద్దవి. అవి అన్ని రంగులను ఇంచుమించు సమముగ చెదరగొట్టును. అందుచేత దుమ్ము లేచిన దినమున ఆకాశము నీలము కోల్పోయి పాలిపోయినట్లుండును.

ఇట్లు చెదరిన వెలుతురులో కొంత, మన చేనిని తాకకయే నేరుగ ఉపగ్రహమునకు చేరును. అది చేని వెలుతురు కాకున్నను చేని లెక్కలో గలిసిపోవును. కల్తీ యని మేమనునది దీనినే. పైనిచ్చిన ఉదాహరణమునే తీసికొందము. మసక గాలివలన ఎఱుపులో 4 పాళ్లు కలిసి 14 అయినదనియు, పరారుణములో 3 పాళ్లు తరిగి 37 అయినదనియు అనుకొందము. అప్పుడు 23ను 51చే భాగింపవలయును, వచ్చునది 0.45. చేనిలో ఒక్క ఆకు వాడలేదు. పటమునందు మాత్రము పైరు వాడినట్లగుపడును. దీనికి మాఱుగ, దుమ్ము పట్టిన నాటి పటమును సవరింపక ఆధారముగ నుంచుకొని, వాన వెలిసి గాలి శుభ్రమైన నాటి పటమును దానితో బోల్చినచో, ఏమియు పెరుగని పైరు పెరిగినట్లు దోచును. మొదటి పొరపాటు లేని కఱవును చూపును. రెండవది ఉన్న కఱవును దాచును. రెండును మనకు నష్టమే. లేని కఱవును చూపు పటముపై అధికారులకు విశ్వాసము సడలును. విశ్వాసము సడలిన పటము నిజమైన కఱవునాడు మనకు సాక్ష్యము కాజాలదు.

వెలుతురు జమాఖర్చు

ఈ తరుగును లెక్కించు శాస్త్రమును మన సంఘపు జమాఖర్చు పుస్తకముతో బోల్చి చెప్పవచ్చును. ఆకాశమును పలుచని పొరలు పొరలుగ విభాగింతురు. ఒక్కొక్క పొరకు ఒక్కొక్క పద్దు. పైపొరనుండి వచ్చిన వెలుతురు ప్రారంభపు నిలువ. ఆ పొరలో మ్రింగబడినదియు, ప్రక్కలకు చెదరినదియు ఖర్చు. ఇతర దిక్కులనుండి చెదరి ఈ దారిలో గలిసినది జమ. మిగిలినది ముగింపు నిలువ. అదియే దిగువ పొరకు ప్రారంభపు నిలువ. ఇట్లు నేలవఱకు దిగి, నేల త్రిప్పికొట్టిన దానిని మరల పైకి పొర పొరగా లెక్కింపవలయును. ఒక పొర ఖర్చు వ్రాసినది వేఱొక పొరకు జమయగుటవలన ఏ పద్దును ఒంటిగ ముగింపరాదు. అన్నిటిని ఒక్కసారి సరిచూడవలసి యుండును. ఈ లెక్క కఠినమగుటకు కారణమిదియే.

నక్షత్రముల వెలుతురును గూర్చి ఇట్టి లెక్కలను సాధించి, 1950లో గొప్ప గ్రంథము ప్రకటించినవారు లాహోరులో జన్మించి మదరాసులో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌గారు. 1983లో వీరు నోబెలు బహుమానమందిరి. నక్షత్రములకై పుట్టిన ఆ గణితపు దారియే నేడు మన చేల పటములను దిద్దుటకు ఉపయోగపడుచున్నది. దానినాధారముగ గొని కంప్యూటరుపై నడుచు గణిత నమూనాలు పెక్కు వెలసినవి. అమెరికావారి మోడ్‌ట్రాన్, 1997లో ప్రకటింపబడిన సిక్స్-ఎస్ అనునవి ప్రసిద్ధములు. సూర్యుడు ఎంత వాలియున్నాడు, ఉపగ్రహము ఏ మూలనుండి చూచుచున్నది, గాలిలో ఆవిరి ఎంత, ఓజోను ఎంత, ధూళి ఎంత యని తెలిపినచో, ఎంత వెలుతురు తరిగినదో, ఎంత కలిసినదో అవి చెప్పును. నేడు పైరుల లెక్కకు వాడు పటములలో చాలభాగము ఇట్టి సవరణ పొందినవే.

కాని పద్దులలో వ్రాసిన అంకె తప్పైనచో జమాఖర్చు ఎంత చక్కగ కూడినను ఫలమేమి? సూర్యుని వాలు పంచాంగపు లెక్క. దానియందు సందేహము లేదు. ఓజోను దినదినమునకు అంతగా మాఱదు. ఆవిరి కొంత మాఱును. అన్నిటికంటె చపలమైనది ధూళి. నేడున్నట్లు రేపుండదు; ఈ మండలమున నున్నట్లు పై మండలమున నుండదు.

మన జిల్లా గాలి

ధూళి విషయమున మన జిల్లాకు ఒక ప్రత్యేక కష్టము కలదు. పైనుండి చూచు ఉపగ్రహము గాలిలోని ధూళిని కనిపెట్టుటకు క్రింద నల్లని తావు వలయును. దట్టమైన అడవిపై మసక చక్కగ గానవచ్చును. మన ఎఱ్ఱనేలలు, చెట్టులేని గుట్టలు తామే మెఱయుచుండును. మెఱయు నేలపై మెఱయు ధూళిని వేఱుచేసి చూచుట, తెల్లని గోడపై సున్నపు మచ్చను వెదకుట వంటిది. అందుచేత మెట్టభూములపై గాలి తరుగును పైనుండియే కనుగొనుట కష్టసాధ్యము. అట్టిచోట నేలమీదనుండి సూర్యునివైపు చూచి కొలుచు యంత్రమే నమ్మదగిన తక్కెడ.

సంతోషింపదగిన విషయమేమనగా, ఆ తక్కెడ మన యూరనే కలదు. అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు, అంతరిక్ష పరిశోధన సంస్థవారి కార్యక్రమములో భాగముగ, ఈ ప్రాంతపు గాలిలోని ధూళిని, మసిని అనేక సంవత్సరములుగ కొలుచుచు వచ్చిరి. సూర్యునివైపు ఎత్తి పట్టు చిన్న యంత్రముతో, వేర్వేఱు రంగుల వెలుతురు ఎంత తరిగి నేలకు చేరినదో వారు కనుగొందురు. దానినుండి ధూళి మందమును తెలుపు అంకెను కట్టుదురు. సూర్యుడు నడినెత్తిన నున్నప్పుడు ఆ అంకె 0.2 అయినచో నూటికి సుమారు 82 పాళ్ల వెలుతురు చెదరక తిన్నగ నేలకు దిగును. అంకె 0.5 అయినచో దిగునది 61 పాళ్లు మాత్రమే. సూర్యుడు నడినెత్తినుండి 60 డిగ్రీలు వాలియున్నచో దారి రెట్టింపగును, అప్పుడు 0.5 ధూళికి తిన్నగ దిగునది 37 పాళ్లు. మన ప్రాంతమున ఈ ధూళి వేసవిలో హెచ్చుననియు, వానలు పడినపిమ్మట తగ్గుననియు ఆ కొలతలవలన తేలినది. వేసవి చివర దుక్కి దున్నునాటి గాలియు, శ్రావణమునాటి గాలియు ఒక్కటి కావని రైతునకు అనుభవముచే తెలిసిన సంగతియే ఇచ్చట అంకెలతో నిలిచినది.

మబ్బు, పొరుగు చేను, భూమిలోని కాయ

గాలిని ఎంత చక్కగ సవరించినను తీరని చిక్కులు మఱి మూడు కలవు.

మొదటిది మబ్బు. మన జిల్లా పడమటి కనుమలకు వెనుకనున్నది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మన భాగ్యము. ఆషాఢ శ్రావణములలో పడమటినుండి మబ్బులు బారులుదీరి వచ్చును, గాలి వీచును, చినుకు రాలదు. కురియని మబ్బు మనకు రెండు విధముల నష్టము కలిగించుచున్నది. పైరునకు నీరీయదు, ఆ పైరు ఎండుచున్న సంగతిని ఉపగ్రహమునకు గానరానీయదు. వెలుతురుతో జూచు ఉపగ్రహము మబ్బును దాటి చూడజాలదు. అందుచేత కొన్ని దినముల చిత్రములను గూర్చి, వానిలో తేటగానున్న భాగములను అతికి ఒక్క పటము చేయుదురు. పలుచని మబ్బు, మబ్బునీడ ఆ అతుకులలో దాగియుండవచ్చును. మబ్బును దాటి చూచు రాడారు ఉపగ్రహములు లేకపోలేదు. 2022 ఫిబ్రవరి 14న శ్రీహరికోటనుండి వెళ్లిన ఇ.ఓ.ఎస్.-04 అట్టిదే. కాని అవి చూచునది ఆకు రంగునుగాదు. నేల తేమను, పైరు ఆకారమును. రెండును కలిసినగాని చిత్రము పూర్తిగాదు.

రెండవది పొరుగు చేను. పటమునందలి ఒక్కొక్క గడి కొంత నేలకు గుఱుతు. 250 మీటర్ల గడిలో సుమారు 15 ఎకరములు పట్టును. 56 మీటర్ల గడిలో సుమారు 77 సెంట్లు. 10 మీటర్ల గడిలో రెండున్నర సెంట్లు. పెద్ద గడిలో బోరుక్రింది వరిమడియు, ఎండిన వేరుసెనగ చేనును, బీడును కలిసి ఒక్క సగటు అంకెగ మాఱును. అంతేగాక, పొరుగు చేనినుండి లేచిన వెలుతురు గాలిలో చెదరి మన చేని గడిలో గలియుటయు కలదు. ధూళి హెచ్చిన కొలది ఈ కలయిక హెచ్చును. పచ్చని మడి ప్రక్కనున్న ఎండిన చేను పటములో కొంత పచ్చబడునన్నమాట. సన్నకారు రైతునకు ఇది సామాన్య విషయము కాదు.

మూడవది వేరుసెనగ స్వభావము. వరికి కంకి పైననే యుండును. వేరుసెనగకు కాయ భూమిలో నుండును. ఊడలు దిగునాటికి నేల గట్టిపడియున్నచో ఊడ లోనికి చొరదు. కాయ ఊరునాటికి తేమ లేనిచో తాలు కాయలే మిగులును. అటుపిమ్మట ఒక వాన పడినచో తీగ మరల పచ్చబడును. పశువులకు మేత యగును. రైతునకు కాయ లేదు. పైనుండి చూచు కంటికి ఆ చేను పచ్చని చేనే. ఈ లోపము గాలి లెక్కచే తీరదు. చెట్టును పెఱికి చూచినగాని నిజము తేలదు.

ఇరువాదములు, మా అభిప్రాయము

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. ఆకాశమునుండి చూచి మన చేని సంగతి చెప్పుట వట్టి మాయ, దానిని త్రోసివేయవలయునని యొక వాదము. ఉపగ్రహము పక్షపాత మెఱుగదు గనుక దాని మాటయే తుదిమాట కావలయునని మఱియొక వాదము.

మొదటి వాదమును మేమంగీకరింపజాలము. ఉపగ్రహము పెద్దకామందు చేనిని, పేదవాని చేనిని ఒక్క తీరుననే చూచును. దారి లేని పల్లెను విడిచిపెట్టదు. గడచిన సంవత్సరముల పటములు భద్రముగ నుండుటచే, ఈ యేడు ఆ యేటికంటె ఎంత తక్కువయో చెప్పగలదు. మనుష్యుడు గట్టుపై నిలిచి వేయు అంచనాలో రాగద్వేషములకు చోటుండుట మన పెద్దలెఱిగినదే. ఇట్టి సాధనమును త్రోసివేయుట మన చేతి దీపమును మనమే ఆర్పుకొనుట యగును.

రెండవ వాదమును కూడ అంగీకరింపజాలము. పైన విన్నవించిన తరుగు, కల్తీ, మబ్బు, గడి కొలత, భూమిలోని కాయ, ఇవి యన్నియు ఆ పద్ధతిని నడుపు శాస్త్రజ్ఞులే ఒప్పుకొను సంగతులు. నేలమీది పరిశీలన లేక పటము పూర్తిగాదని వారే చెప్పుదురు. 2016 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖవారు ప్రకటించిన కఱవు నిర్వహణ గ్రంథమునందును ఈ న్యాయము కానవచ్చును. మొదట వానలోటు, పిమ్మట పచ్చదనపు సూచిక, సాగు విస్తీర్ణము, నేల తేమ, జలవనరులు, తుదకు ఎంపిక చేసిన గ్రామములలో, నూటికి పదింటి లెక్కన, చేలకు బోయి చూచుట యని అందు క్రమము నిర్ణయించిరి. పంట బీమాయందు 2023 ఖరీఫునుండి వరి, గోధుమ దిగుబడుల లెక్కలో నూటికి 30 పాళ్లు సాంకేతిక అంచనాకు, తక్కినది పంటకోత ప్రయోగములకు ఇచ్చుట మొదలైనది. ఈ పద్ధతి ఇతర పంటలకును వ్యాపించు దారిలో నున్నది. వేరుసెనగకు వచ్చునాటికి మనము నిద్రలో నుండరాదు.

పదింటికి ఒక్క గ్రామమే పరీక్షకు వచ్చునప్పుడు, తక్కిన తొమ్మిదింటి పక్షమున మాటాడువా రెవ్వరు? వ్రాతమూలకమైన సాక్ష్యమొక్కటియే. దానిని కూర్చుటకు సంఘముకంటె తగిన సంస్థ గ్రామమున లేదు.

సంఘములు చేయదగిన పని

ప్రతి సంఘమును ఒక పొలము పుస్తకమును పెట్టవలయునని మా సూచన. ఖర్చు స్వల్పము, శ్రద్ధ ముఖ్యము.

గ్రామమునందు ఒక వానకొలత పాత్ర నుంచి, ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వాతావరణ శాఖవారి పద్ధతిని చూచి వ్రాయవలయును. వాన లేని నాడు సున్న వ్రాయవలయును, ఖాళీ విడువరాదు. ఖాళీ విడిచిన పుస్తకమును ఏ అధికారియు నమ్మడు.

గ్రామమునందు ఎఱ్ఱనేల, నల్లనేల, బోరుక్రింది భూమి అను మూడు విధముల చేలను కొన్నింటిని ముందే యెన్నుకొని, విత్తిన తేదీ, పూత తేదీ, ఊడలు దిగిన తేదీ వ్రాయవలయును. నెలకు రెండుసార్లు అవే చేలకు బోయి ఆకు విచ్చియున్నదా, ముడుచుకొనినదా, పండినదా యని గుఱుతు పెట్టవలయును. చేతి ఫోనుతో అదే తావున నిలిచి, తేదీయు స్థలమును తెలియునట్లు చిత్రము దీసి యుంచవలయును. కాయ కట్టు కాలమున పది చెట్లను పెఱికి, గట్టి కాయ లెన్ని, తాలు ఎన్ని యని లెక్కించి వ్రాయవలయును. ఇది ఉపగ్రహమునకు ఎన్నడును గానరాని సంగతి గనుక మన పుస్తకమున కెల్ల ముఖ్యమైన పుట ఇదియే.

ప్రతిదినము ఆకాశము తేటయా, మసకయా, పలుచని మబ్బా, దట్టమైన మబ్బా యని ఒక్క మాట వ్రాయవలయును. ఉపగ్రహములలో పెక్కు ఉదయము పదిన్నర ప్రాంతమున మనపై దాటును గనుక ఆ వేళ చూచి వ్రాయుట మేలు. పక్షమంతయు మబ్బున్నట్లు మన పుస్తకము చెప్పుచుండగా, ఆ పక్షపు పటము పైరు బాగున్నదని చెప్పినచో, అడుగుటకు మనకు ఆధారముండును.

ఈ వ్రాతలో సత్యము తప్పరాదు. పంట బాగున్న యేట బాగున్నదనియే వ్రాయవలయును. మంచి యేటి వ్రాత నిజమైనప్పుడే చెడ్డ యేటి వ్రాతకు విలువ. ఒక్క సంఘము అబద్ధము వ్రాసినచో పది సంఘముల పుస్తకములు చెత్తకాగితములగును.

అధికారులకు మా విన్నపములు మూడు. పచ్చదనపు పటమును ప్రకటించునప్పుడు అది ఏ తేదీల చిత్రములతో చేయబడినదో, ఆ కాలములో మబ్బులేని చూపు ఎన్నిసార్లు దొరికినదో, తెలుగున గ్రామమునందు ప్రకటింపవలయును. మబ్బుచే గానరాని చేలను గానరానివిగనే చూపవలయును. పాత అంకెతో నింపి బాగున్నవన రాదు. పరీక్షకు ఎన్నుకొను చేలలో వానాధారపు వేరుసెనగ చేలకు తగిన పాలుంచి, ఆకు పచ్చదనముతో సరిపెట్టక కాయను తూచి చూడవలయును. వీనిలో ఏదియు శాస్త్రమునకు విరుద్ధముగాదు, శాస్త్రము కోరుచున్నదే.

వెలుతురు మన చేనిని విడిచి ఉపగ్రహమును చేరులోపల గాలి ఎంత తీసికొనినదో, ఎంత కలిపినదో లెక్కగట్టుట శాస్త్రజ్ఞుల పని. దానిని వారు శ్రమించి చేయుచున్నారు. చేనిలో నిజముగ నేమున్నదో వ్రాసి యుంచుట మన పని. 2022 ఏప్రిలులో జిల్లా రెండుగ విభజింపబడినను, రెండు జిల్లాల రైతులకు వాన లోటు ఒక్కటే, మబ్బు ఒక్కటే. రాబోవు విత్తుకాలమునకు ముందు జరుగు సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చించి, ప్రతి సంఘమును పొలము పుస్తకమునకై యొక తీర్మానము చేయుదురుగాక యని సభ్యులను కోరుచున్నాము.